నల్లోడి తుంటి: పదకొండు రోజుల పొడి, ఇరవై నాలుగు వారాల లెక్క

మారతహళ్ళిలో మూడో అంతస్తు ఫ్లాటు. హిందూపురం నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం. కుక్క నల్ల ల్యాబ్రడార్, మగది, వృషణాలు తీయించారు, వయసు 9 ఏళ్లు. రికార్డులో పేరు బ్రూనో. ఇంట్లో అమ్మమ్మ నోట మాత్రం నల్లోడు. కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాం. కొలతలు కేసు షీట్లో ఉన్నవే.

ఫిర్యాదు ఏడు నెలల పాతది. పొద్దున లేవాలంటే ముందుకాళ్ల మీద బలం పెట్టి వెనకభాగాన్ని ఈడ్చుకుంటోంది. నాలుగడుగులు వేశాక కొంచెం సర్దుకుంటుంది. మూడు వారాలుగా కారెక్కడం మానేసింది. డిసెంబరు చలి మొదలయ్యాక మరీ ఎక్కువైంది. దగ్గరి వెటర్నరీ డాక్టరు మెలాక్సికామ్ అనే నొప్పిమందు రాస్తే పదిరోజులు వాడారు, తగ్గింది. 'ఇంగ్లీషు మందు కిడ్నీలు తినేస్తుంది' అని ఎవరో చెబితే ఆపేశారు. తర్వాత ఆరు వారాలు హోమియో గుళికలు వేశారు. గుళికల వల్ల చెడేమీ జరగలేదు, కానీ ఆ ఆరు వారాల్లో తొడ కండ కరిగిపోయింది. మా దగ్గరికి వచ్చేటప్పుడు వాళ్ల కోరిక ఒక్కటే: మందుల్లేకుండా, సూదులతో, అంటే ఆక్యుపంక్చర్‌తో తగ్గించండి.

సూది పట్టే ముందు

కుంటుతున్న ప్రతి ల్యాబ్రడార్‌కీ తుంటి అరుగుదలే అనుకుంటే ఒక్కోసారి బోర్లా పడతాం. ఈ వయసులో, ఈ బరువులో మోకాలి లోపలి క్రూసియేట్ లిగమెంటు తెగడం మామూలే. బెంగళూరులో పిడుదుల బెడద ఏడాది పొడుగునా ఉంటుంది కాబట్టి పిడుదులు అంటించే ఎర్లికియా జబ్బు వల్ల కూడా కీళ్లు పట్టేస్తాయి. అందుకే లిగమెంటు తెగిందేమో చూడ్డానికి రెండు మోకాళ్లకూ డ్రాయర్ పరీక్ష, టిబియల్ థ్రస్ట్ పరీక్ష చేశాం. రెండూ గట్టిగానే ఉన్నాయి. నడుము చివర, వెన్నుకూ కటికీ మధ్య నొక్కితే నొప్పి లేదు. పాదం వెనక్కి మడిచి పెడితే వెంటనే తిప్పుకుంది, అంటే నరాల దారి బాగానే ఉంది. రక్తంలో ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు, ఎర్లికియా నెగటివ్, థైరాయిడ్ మామూలే. కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్, కాలేయం ఎంజైములు హద్దుల్లోనే ఉన్నాయి, ఆ ఎంజైముల్లో ఒకటైన ఏఎల్‌పీ 118. ఎక్స్‌రేలో రెండు తుంటి గిన్నెలూ లోతు తక్కువవి. ఎడమ వైపు తొడ ఎముక తల పైభాగం చదునైంది, మెడ చుట్టూ ఎముక మొటిమలు లేచాయి. ఎక్స్‌రే చూసి నొప్పి ఎంతో చెప్పలేం. ఇంతకంటే ఘోరంగా ఉన్న తుంట్లతో పరుగెత్తే కుక్కలుంటాయి. అందుకే మిగతా కొలతలు.

బరువు 43.6 కిలోలు. ఒంటి స్థితి 9కి 8. పక్కటెముకలు తగలాలంటే వేళ్లు దిగబడాలి.

నిలబడినప్పుడు ఏ కాలి మీద ఎంత భారం వేస్తోందో తెలుసుకోవడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. ఒకే కంపెనీవి, ఒకే ఎత్తువి రెండు బాత్రూమ్ తూకం మిషన్లు చాలు. వెనకకాళ్లు చెరో మిషన్ మీద, ముందుకాళ్ల కింద అదే ఎత్తు చెక్క, తల నిటారుగా ముందుకు. తల పక్కకు తిప్పితే అంకె మారిపోతుంది. కాబట్టి ఐదుసార్లు తీసి సగటు వేయాలి. మామూలు కుక్క బరువులో 60 శాతం ముందుకాళ్ల మీద, 40 శాతం వెనకకాళ్ల మీద ఉంటుంది, అంటే ఒక్కో వెనకకాలికి 20. నల్లోడికి ఎడమ 5.9 కిలోలు, కుడి 8.3. శాతాల్లో 13.5, 19. ఎడమ కాలు మోయాల్సిన బరువంతా ముందుకాళ్లకు చేరింది. అందుకే భుజాలు రాయిలా బిగిసిపోయి ఉన్నాయి.

తుంటిని వెనక్కి చాపితే ఎడమ 118 డిగ్రీలు, కుడి 131. ల్యాబ్రడార్‌లో మామూలు 162 దాకా ఉంటుంది. తొడ చుట్టుకొలత ఎడమ 38, కుడి 40.5 సెంటీమీటర్లు. ఈ కొలతను కుక్కను పక్కకు పడుకోబెట్టి, తొడ పొడవులో పైనుంచి 70 శాతం దగ్గర గుర్తు పెట్టి, ప్రతిసారీ ఒకే మనిషి తీయాలి. చేయి మారితే సెంటీమీటరు అటూ ఇటూ అవుతుంది.

నొప్పికి కెనైన్ బ్రీఫ్ పెయిన్ ఇన్వెంటరీ ప్రశ్నావళి వాడాం. నొప్పి తీవ్రత మీద నాలుగు, రోజువారీ పనులకు అడ్డం మీద ఆరు ప్రశ్నలు, ఒక్కోటి 0 నుంచి 10. ఇంట్లో ఎవరు నింపితే వాళ్లే చివరిదాకా నింపాలి. మొదటి రోజు తీవ్రత 5.5, అడ్డం 6.2.

గిన్నెలో లెక్క

'రెండు పూటలా కొంచెం పెడతాం' అన్నారు. ఆ కొంచెం ఎంతో మూడు రోజులు తూచి రాయమన్నాం. పొడి ఆహారం 300 గ్రాములు, దాదాపు 1,080 కేలరీలు. మధ్యాహ్నం అమ్మమ్మ చేతి పెరుగన్నం 325. అందులో రెండు చెంచాల నెయ్యి 90. గ్లూకోజ్ బిస్కెట్లు ఎనిమిది, 175 పైమాటే. రాత్రి అందరి కంచాల నుంచి చేరే చపాతీ తునకలు కలిపితే ఇంకో 100. మొత్తం 1,770.

ఉండాల్సిన బరువు 33 కిలోలనుకుందాం. దాని 0.75 ఘాతాన్ని 70తో గుణిస్తే 960 వస్తుంది. బరువు తగ్గించడానికి అక్కడే మొదలెట్టాలి. వారానికి 1 నుంచి 2 శాతం తగ్గాలి, అంతకు మించితే కండ కూడా పోతుంది. పాత ఆహారాన్నే సగానికి కోస్తే ప్రొటీను, ఖనిజాలు కూడా సగమవుతాయి. అందుకే బరువు తగ్గించే రకం పొడి ఆహారానికి మార్చాం: రోజుకు 240 గ్రాములు, 745 కేలరీలు. గిన్నెతో కొలవొద్దు, వంటింటి తూకం మీద తూయాలి. అదే గిన్నెలో ఒకరు 80 గ్రాములు పోస్తే ఇంకొకరు 105 పోస్తారు.

పెరుగన్నం పూర్తిగా తీసేయమని చెప్పలేదు. చెబితే చాటుగా పెడతారు, ఆ చాటు అన్నం మన లెక్కలోకి రాదు. రెండు చెంచాల అన్నం, 50 గ్రాముల పలచటి పెరుగు, ఉడికించిన సొరకాయ ముక్కలు 150 గ్రాములు: అన్నీ కలిపి 90 కేలరీలు. చూడ్డానికి గిన్నె నిండుగానే ఉంటుంది. అమ్మమ్మ చేత్తోనే తినిపిస్తుంది. నెయ్యి బంద్. బిస్కెట్ బదులు క్యారెట్, దోసకాయ, బీన్స్. సాంబారు అన్నం అసలు వద్దు, ఉల్లిపాయ ఉంటుంది. తిరుపతి నుంచి ఎవరొచ్చినా నల్లోడికి ఓ లడ్డు ముక్క అందుతోందని మాటల్లో తెలిసింది. అందులోని కిస్‌మిస్ కుక్క కిడ్నీని ఉన్నపళంగా దెబ్బతీయగలదు. ప్రసాదం కళ్లకద్దుకుని మనమే తినాలి.

చేపనూనె విషయంలో జరిగే పొరపాటు లెక్కలోనే ఉంది. మామూలు 1,000 మిల్లీగ్రాముల క్యాప్సూల్లో పనికొచ్చే ఒమేగా-3 కొవ్వులు, అంటే ఈపీఏ, డీహెచ్‌ఏ కలిపి 300 మిల్లీగ్రాములే. కీళ్లకు ఇంత పెద్ద కుక్కకు రోజుకు 3,000 దాకా కావాలి. అంటే పది క్యాప్సూళ్లు, వాటి కొవ్వు వల్ల ఇంకో 90-100 కేలరీలు. అందుకే ఒక్కోటి 600 ఇచ్చే గాఢమైన రకం ఐదు. మొదటి వారం ఒకటి, మూడు వారాల్లో ఐదుకు పెంచాలి. ఒక్కసారే ఐదు వేస్తే విరేచనాలు. కాడ్‌లివర్ నూనె దీనికి బదులు కాదు. ఆ మోతాదులో విటమిన్ ఏ, డీ ఒంట్లో పేరుకుపోతాయి.

నేల

ఇల్లంతా నున్నటి విట్రిఫైడ్ టైల్స్. వెనకకాళ్లు జారకుండా పట్టుకోవడానికే కుక్క రోజంతా లోతొడ కండరాలు బిగించి నడుస్తోంది. పొద్దున సూదులతో ఆ బిగుతు వదిలించినా సాయంత్రానికి టైల్స్ మళ్లీ బిగిస్తాయి. కాబట్టి పక్క నుంచి నీళ్ల గిన్నెకి, అక్కడి నుంచి బాల్కనీకి, వీధి తలుపుకి రెండున్నర అడుగుల వెడల్పున చాపల దారి వేయించాం, మొత్తం 38 అడుగులు. మొదట యోగా మ్యాట్లు వేశారు. అంచులు చుట్టుకుపోయి కుక్క వాటి మీదే జారింది. అడుగున రబ్బరు ఉన్న పొడుగు పట్టాలు వేశాకే నిలిచింది. పాదాల మెత్తల మధ్య పెరిగే వెంట్రుకలు వారానికోసారి కత్తిరించాలి. నడిచేటప్పుడు గోళ్లు టకటకలాడితే అవి పెరిగినట్టే, గోరు నేలకు తగిలితే పాదం పట్టు తప్పుతుంది.

కారెక్కడానికి ఆరడుగుల ప్లైవుడ్ పలక, మీద కొబ్బరిపీచు పట్టా కొట్టించారు. డిక్కీ ఎత్తు అడుగున్నర కాబట్టి వాలు 15 డిగ్రీల లోపే. నాలుగడుగుల పలకైతే వాలు 22 డిగ్రీలు దాటుతుంది, ఇలాంటి తుంటి ఎక్కలేదు.

నడక సంగతి. వారమంతా లిఫ్టులో కిందికి దించి పది నిమిషాలు, ఆదివారం చెరువు చుట్టూ ఐదు కిలోమీటర్లు. సోమవారం లేవలేదు. దాన్ని రోజుకు మూడుసార్లు 8 నిమిషాలుగా చేశాం, చదును నేల మీద, పట్టీతో. మర్నాడు పొద్దున లేవడం కష్టం కాకపోతే వారానికి రెండు నిమిషాలు పెంచాలి. కష్టమైతే ముందు వారం లెక్కకు తిరిగి పోవాలి.

సూదులు, లేజర్

మొదటిసారి ఏడే సూదులు: నడుము చివర గుంటలో బై హుయి ఒకటి, రెండు పక్కలా బీఎల్-54, జీబీ-30, ఎస్‌టీ-36. ఇవన్నీ సూది గుచ్చే చోట్ల పేర్లు. మందం 0.25, పొడవు 25 మిల్లీమీటర్లు. తుంటి దగ్గర కొవ్వు మందంగా ఉన్న ఈ కుక్కకు రెండోసారి నుంచి 0.30 మందం, 40 పొడవు వాడాల్సి వచ్చింది. పొట్టి సూది కొవ్వులోనే ఆగిపోతుంది. 15 నిమిషాలు ఉంచాం. ఆ రాత్రి, మర్నాడు సగం రోజు కుక్క మత్తుగా పడుకుంటుంది. ఇది ముందే చెప్పాలి, లేకపోతే రాత్రి పదకొండుకు ఫోన్ మోగుతుంది.

రెండోసారి నుంచి 13 సూదులు. జీబీ-29, జీబీ-34, బీఎల్-23 చేరాయి. ఒకే పక్కనున్న బీఎల్-54, జీబీ-30 మధ్య కరెంటు, 4, 80 హెర్ట్జ్ మార్చిమార్చి, 20 నిమిషాలు. కండ సన్నగా అదరడం కనపడగానే కరెంటు పెంచడం ఆపాలి. కుక్క తల తిప్పి చూసిందంటే ఎక్కువైనట్టే. మూర్ఛలున్న కుక్కకు, గుండెకు పేస్‌మేకర్ ఉన్నదానికి కరెంటు వద్దు. గడ్డ ఉన్నచోట సూదీ వద్దు, లేజరూ వద్దు. నల్ల బొచ్చులో సూదులు కనపడవు కాబట్టి రంగు పిడి ఉన్నవి వాడి, గుచ్చినవి, తీసినవి గట్టిగా లెక్కపెట్టాలి. విదిలించుకున్నప్పుడు ఊడిపడిన సూదిని ల్యాబ్రడార్ నాకి మింగేయగలదు.

లేజర్ ఒక్కో తుంటికి 100 చదరపు సెంటీమీటర్ల మేర, చదరపు సెంటీమీటరుకు 8 జౌళ్లు, మొత్తం 800. తెల్లకుక్కకు 4 వాట్లు పెట్టేచోట దీనికి 3 వాట్లే పెట్టాం. నల్ల బొచ్చు, నల్ల చర్మం వేడిని పైపైనే పీల్చుకుంటాయి. కాబట్టి సుమారు నాలుగున్నర నిమిషాలు, మొన ఒక్కచోట ఆగకుండా, వెనకాలే అరచేయి పోనిస్తూ. చేతికి వేడిగా తగిలితే కుక్కకు ఇంకా వేడి. కళ్లజోడు కుక్కకూ మనకూ తప్పదు.

వీటితోపాటు మెలాక్సికామ్ మళ్లీ మొదలుపెట్టడానికి కుటుంబాన్ని ఒప్పించాం. కుటుంబ వెటర్నరీ డాక్టరు కిలోకు 0.1 మిల్లీగ్రాము చొప్పున రాశారు, తిండి తర్వాత. ఒప్పించడానికి పనికొచ్చిన మాట ఒక్కటే: నొప్పి తగ్గనిదే నడవదు, నడవనిదే కండ రాదు, కండ రానిదే తుంటి నిలవదు.

మూడో వారం అద్భుతం

మూడో వారం చివర నల్లోడు సోఫా ఎక్కాడు. వీడియో వచ్చింది. ప్రశ్నావళిలో తీవ్రత 5.5 నుంచి 1.5కి, అడ్డం 6.2 నుంచి 1.8కి నాలుగు రోజుల్లో దిగింది. కుటుంబం సూదులను మెచ్చుకుంది.

లెక్క పొసగలేదు. అప్పటికి బరువు అర కిలో మాత్రమే తగ్గింది. తూకం మిషన్ల మీద ఎడమకాలు బాగా మోస్తోంది, కానీ తుంటి చాపు కోణం మారలేదు. నెలల తరబడి అరిగిన కీలు మూడు సూదిపూటలకు అలా మారదు. ఇంకా రెండు విషయాలు కేసు షీట్లో ఓ మూల రాసి ఉన్నాయి: రాత్రి రెండుసార్లు ఉచ్చకు లేపుతోంది, చల్లటి గదిలో కూడా రొప్పుతోంది. నీళ్లు కొలవమన్నాం. పొద్దున తెలిసిన కొలత పోసి, మర్నాడు మిగిలింది తీసేసి చూస్తే రోజుకు 4.7 లీటర్లు. మామూలుగా కిలోకు 40 నుంచి 60 మిల్లీలీటర్లు తాగుతుంది. 100 దాటితే జబ్బు కింద లెక్క. ఇది 109.

ఆ కొలత వచ్చిన రోజు సాయంత్రమే మలం తారులా నల్లగా, జిగటగా పడింది, అంటే కడుపులో రక్తం కారుతోంది.

ఫోన్లో మొదట అడిగింది 'వేరే మందులేమైనా ఇస్తున్నారా?' అని. ఇంటాయన లేదన్నారు. అబద్ధం కాదు, ఆయనకు తెలియదు. క్లినిక్‌లో అమ్మమ్మను విడిగా అడిగినప్పుడు కొంగు ముడి విప్పి పేపరు పొట్లం చూపించింది. చెట్టుమందు. ఊరి నుంచి ఓ చుట్టం పంపించాడు. బూడిదరంగు పొడి, పేరు లేదు, తయారుచేసినవాళ్ల ఊసు లేదు. పూటకో పావుచెంచా బెల్లంలో ఉండచేసి, పెరుగన్నం చివరి ముద్దలో. పదకొండు రోజులుగా.

"మందు కాదు కదమ్మా, నాటుపొడే. నాక్కూడా మోకాళ్లకు దాంతోనే తగ్గింది" అంది.

పొడిని ల్యాబుకు పంపలేదు, కాబట్టి అందులో ఇదే ఉందని రాయం. కానీ ఒంట్లో కనిపించిందంతా స్టీరాయిడ్ వైపే చూపించింది. ఏఎల్‌పీ 118 నుంచి 412కి ఎగిసింది. తెల్లకణాల్లో లింఫోసైట్లు, ఇసినోఫిల్స్ పడిపోయాయి, న్యూట్రోఫిల్స్ పెరిగాయి. ఉచ్చ సాంద్రత 1.008, నీళ్లలాగే. పేరులేని కీళ్లనొప్పుల పొడుల్లో డెక్సామెథాసోన్ లాంటివి, నొప్పి మాత్రలు కలిపి అమ్మడం కొత్తేమీ కాదు. దేనికీ లేని వేగం దీనికి ఉంటుంది, పేరు తెచ్చిపెట్టేది కూడా ఆ వేగమే. స్టీరాయిడ్, మెలాక్సికామ్ కలిసి కడుపు పొరను రెండు వైపుల నుంచీ కోస్తాయి. రక్తంలో ఎర్రకణాల శాతం, అంటే పీసీవీ, 41 నుంచి 31కి దిగింది. మామూలు 37 పైన ఉండాలి.

పొడి, మెలాక్సికామ్ రెండూ ఆపేశారు. కడుపులో ఆమ్లం తగ్గించే ఒమెప్రజోల్ కిలోకు 1 మిల్లీగ్రాము, రెండు పూటలా, తిండికి అరగంట ముందు. కడుపు పుండు మీద పూతలా నిలిచే సుక్రాల్‌ఫేట్ 1 గ్రాము మూడుపూటలా, నీళ్లలో కరిగించి, మిగతా మందులకు రెండు గంటల ఎడంతో. లేకపోతే వాటిని కూడా అదే పట్టేసుకుంటుంది. నొప్పికి గబాపెంటిన్, క్యాప్సూల్ రూపంలోనే. మనుషుల సిరప్‌లో జైలిటాల్ ఉండొచ్చు, అది కుక్కకు విషం. నెలలపాటు స్టీరాయిడ్ వాడి ఉంటే ఒక్కసారి ఆపకూడదు, మెల్లగా దించాలి. పదకొండు రోజులే కాబట్టి నేరుగా ఆపి, తిండి మానినా, వాంతయినా, నీరసంగా కూలబడినా అదే పూట రమ్మన్నారు. అలా ఏమీ కాలేదు. నాలుగో రోజుకు మలం రంగు మారింది, రెండో వారానికి నీళ్లు 2.2 లీటర్లకు దిగాయి.

నొప్పి మాత్రం తిరిగొచ్చింది. ఐదో వారం తీవ్రత 6.0, అడ్డం 6.8. మొదటి రోజు కంటే ఎక్కువే. ఆ పదకొండు రోజులూ నొప్పి తెలియక సోఫాలెక్కి దూకిన మూల్యం అది.

అప్పటి నుంచి మా ఫారంలో ప్రశ్న మార్చాం. 'మందులేమైనా' అని అడగం. 'ఇంట్లో ఎవరైనా, నోట్లోకి గానీ, అన్నంలోకి గానీ, నీళ్లలోకి గానీ, ఒంటిమీదికి గానీ ఏమైనా వేస్తున్నారా?' అని అడుగుతాం, అది కూడా గిన్నె పట్టే మనిషిని. ఒంటిమీది సంగతి అడిగితే ఇంకోటి బయటపడింది. అమ్మమ్మ రాత్రిళ్లు తుంటికి నొప్పి బామ్ రాస్తోంది. గంధపూర తైలం ఉన్న ఏ బామ్‌లోనైనా ఉండేది మిథైల్ సాలిసిలేట్, ఆస్ప్రిన్ చుట్టమే. కర్పూరం దాని పక్కన. కుక్క పూసింది పూసినట్టే నాకేస్తుంది. ఆ ఇంట్లో కడుపు పొరకు శత్రువులు ఇద్దరు కాదు, ముగ్గురు.

అమ్మమ్మకు అప్పగించిన పని

ఆమెను పక్కకు నెట్టే ఆలోచన చేయలేదు. ఆ ఇంట్లో కుక్క ఒంటి మీద అందరికంటే ఎక్కువసేపు ఉండేది ఆ చేతులే. బామ్ బదులు కాపడం నేర్పించాం. కిలో గల్లుప్పు మూకుట్లో వేడిచేసి, మందపాటి నూలుగుడ్డలో మూటకట్టి, దాని మీద తువ్వాలు రెండు మడతలు. ముందు తన మణికట్టు లోపలి వైపు పది అంకెలు లెక్కపెట్టేదాకా ఆనించి చూసుకోవాలి. ఓర్చుకోలేకపోతే అది కుక్కకు కూడా వద్దు. తుంటి మీద 10 నిమిషాలు, మధ్యలో రెండుసార్లు తువ్వాలెత్తి చర్మం చూడాలి. కుక్క లేచి పోతానంటే పోనివ్వాలి. పడుకున్న చోటి నుంచి కదల్లేని కుక్కకైతే ఈ పని ఇంట్లోవాళ్లకు అప్పగించం, కాలినా చెప్పుకోలేదు.

కాపడం అయ్యాక నూనె లేకుండా మర్దన: అరచేత్తో తోక వైపు నుంచి నడుము దాకా నిదానంగా రెండు నిమిషాలు, తర్వాత తొడ కండను పిండి పిసికినట్టు మూడు నిమిషాలు. తుంటి కీలు ఎముక మీద నొక్కొద్దు. భుజాలు మర్చిపోవద్దు, బరువు మోసింది అవే. మహానారాయణ తైలం రాయొచ్చా అని అడిగింది. కుక్క నాకేస్తుంది కాబట్టి ఒంటికి ఏ తైలమూ వద్దన్నాం. పసుపు? అన్నంలో చిటికెడు వేస్తే వేసుకోండి, దాన్ని మందు లెక్కలో రాయం. పసుపు ఒంటికి పట్టేది బహు తక్కువ, పట్టడానికి మిరియం కలిపితే అది వేరే మందుల అరుగుదలను కూడా మారుస్తుంది.

నల్లటి వారాలు చెప్పిన సంగతి

ఐదు నుంచి తొమ్మిదో వారం దాకా మెలాక్సికామ్ లేదు. వారానికోసారి సూదులు, లేజర్, రోజూ గబాపెంటిన్, కాపడం, తక్కువ తిండి. అనుకోకుండా దొరికిన పరీక్ష ఇది. సూదులు వేసిన మర్నాడు, ఆ పైరోజు కుక్క తేలిగ్గా లేచేది. మూడో రోజుకు మళ్లీ ఈడ్పు. ఎనిమిదో వారం తీవ్రత 5.0, అడ్డం 5.3. సూది పనిచేయలేదని అనం. రెండు మూడు రోజుల సందు ఇచ్చింది, ఆ సందులోనే వ్యాయామాలు చేయించాం. తుంటి అరుగుదలకు సూదుల మీద జరిగిన అధ్యయనాల ఫలితాలూ ఒకదానితో ఒకటి కలవవు. 'సూదులతోనే తగ్గిస్తాం' అని ఎవరైనా చెబితే ముందు కుక్కను తూచారో లేదో కనుక్కోండి. ఇంకోమాట, 1984 నాటి ఇండియన్ వెటర్నరీ కౌన్సిల్ చట్టం కింద నమోదైన పశువైద్యుడు చూడకుండా సూది పట్టేవాళ్ల దగ్గరికి వెళ్లకండి.

తొమ్మిదో వారం పీసీవీ 40. కుటుంబ డాక్టరు మెలాక్సికామ్ తిరిగి మొదలుపెట్టారు, ఈసారి ఒమెప్రజోల్ అడ్డుగా పెట్టి. అప్పుడే బరువు 41 కిలోలకు దిగింది, మొదటి బరువులో 6 శాతం తగ్గినట్టు. లావు కుక్కల్లో కుంటు తగ్గడం కొలతకు అందేది దాదాపు అక్కడి నుంచే. కాబట్టి ఆ తర్వాతి మెరుగుదలలో మందు వాటా ఎంత, బరువు వాటా ఎంత అని విడదీయలేం. మా ఊహ చెప్పాలంటే బరువు, తర్వాత నేల, తర్వాత మందు, ఆ తర్వాత వ్యాయామం, చివర్లో సూది, లేజర్. 2002లో వెలువడిన 48 ల్యాబ్రడార్ల జీవితకాల అధ్యయనం ఎప్పుడూ గుర్తుకొస్తుంది. నాలుగోవంతు తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, వాటికి కీళ్ల అరుగుదల కూడా ఆలస్యంగా వచ్చింది. ఏ చెట్టుమందుకూ అంత రుజువు లేదు.

వ్యాయామాల్లో కూర్చుని లేవడం ముఖ్యం: ఐదేసిసార్లు, రెండు విడతలు, చాప మీద, తోక గోడకు ఆనేలా. గోడ లేకపోతే నొప్పికాలు పక్కకు చాపి కూర్చుంటుంది, అప్పుడు బలపడేది మంచికాలే. ఆరు పీవీసీ పైపులు నేలకు 6 సెంటీమీటర్ల ఎత్తున అడుగున్నర ఎడంతో పెట్టి నిదానంగా దాటించడం రెండోది.

పదో వారం నుంచి నీళ్ల ట్రెడ్‌మిల్. తుంటి ఎత్తుకు నీళ్లు నింపితే కాళ్ల మీద 38 శాతం బరువే పడుతుంది. మోకాలి దాకానే పోస్తే 85 శాతం, దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. నీళ్లు 30 డిగ్రీలు, గంటకు కిలోమీటరున్నర వేగం, రెండేసి నిమిషాలు మూడు విడతలు. మూడోసారి తర్వాత ఎడమ చెవికి ఫంగస్ పట్టి వారం ఆపాల్సి వచ్చింది. వేలాడే చెవులు, తడి. నీళ్ల నుంచి తీయగానే చెవి లోపల దూదితో తుడవడం మేం మరిచిన పని.

ఇరవై నాలుగో వారం

బరువు నాలుగేసి వారాలకు 43.1, 41.5, 39.9, 38.2, 36.7, 35.4. నిలబడ్డప్పుడు ఎడమకాలు 6.2 కిలోలు, కుడి 6.9. శాతాల్లో 17.5, 19.5. తుంటి చాపు ఎడమ 134, కుడి 141. తొడ చుట్టుకొలత ఎడమ 37, కుడి 38.2. అంకె తగ్గిందని కంగారు పడొద్దు, పోయింది కొవ్వు. చూడాల్సింది రెండింటి మధ్య తేడా, అది 2.5 నుంచి 1.2కి వచ్చింది. తీవ్రత 1.75, అడ్డం 2.0. మూడో వారంలో నాలుగు రోజుల్లో కనిపించిన అంకెలకు దాదాపు ఇవే, ఈసారి ఐదు నెలలు పట్టింది. ఏఎల్‌పీ 131.

ఇప్పుడు సూదులు నెలకోసారి. మెలాక్సికామ్ మోతాదు సగానికి దిగింది, మూడు నెలలకోసారి రక్తపరీక్ష. ఇంకో రెండు కిలోల పైన తగ్గాలి. తెలుగు క్యాలెండర్‌లో రోజూ తిథి పక్కన అమ్మమ్మ మూడు గీతలు పెడుతోంది: కాపడానికొకటి, నడకకొకటి, మలం రంగు బాగుంటే ఒకటి. మూడో గీత లేని రోజు మాకు ఫోన్ చేయాలి. పోయిన నెల ఒక్కరోజు చేసింది, బీట్‌రూట్ పెట్టారట.